ఒకే ఇల్లు, రెండు క్యూలు: టీజే సీటు మీద ఒక కేస్ స్టడీ

నా నోట్‌బుక్‌లో ఈ కుటుంబానికి రెండు పేజీలున్నాయి. మొదటిది 2019 వేసవిలో పెద్దమ్మాయి కోసం రాసింది. రెండోది 2023 ఫిబ్రవరిలో చిన్నోడి కోసం. ఇల్లు అదే, అమ్మానాన్నలు వాళ్లే, లెక్కల మాస్టారిని నేనే. రెండు పేజీల మధ్య మారింది ఒక్కటే: థామస్ జెఫర్సన్ హైస్కూలు పిల్లల్ని ఎంచుకునే పద్ధతి.

ఆ స్కూలుని ఇక్కడ అందరూ టీజే అంటారు. వర్జీనియా రాష్ట్రం ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో 1985లో సైన్సు, టెక్నాలజీల కోసం మొదలైన ప్రభుత్వ మాగ్నెట్ స్కూలు. మాగ్నెట్ అంటే ఇంటి అడ్రసుని బట్టి కాకుండా, ఒక ప్రత్యేకమైన చదువు కోసం చుట్టుపక్కల నుంచి పిల్లల్ని రప్పించుకునే బడి. ఫీజుండదు. ఫెయిర్‌ఫాక్స్‌తో పాటు లౌడన్, ఆర్లింగ్టన్, ప్రిన్స్ విలియం కౌంటీల పిల్లలు, ఫాల్స్ చర్చ్ సిటీ పిల్లలు ఎనిమిదో తరగతిలో అప్లై చేసి తొమ్మిదిలో చేరతారు. హెర్న్‌డన్, షాంటిలీ, యాష్‌బర్న్ వైపు తెలుగువాళ్ల ఇళ్లలో ఈ పేరు వినపడని భోజనాల బల్ల తక్కువ.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కేసులో నేను చేసిన తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు. గుంటూరులో ఎనిమిదేళ్లు ఇంటర్ పిల్లలకి ఎంసెట్ లెక్కలు చెప్పాను. 2011లో మా ఆవిడ ఉద్యోగం వెంట ఇక్కడికొచ్చి బేస్‌మెంట్‌లో వైట్‌బోర్డు పెట్టుకున్నాను. ఎంసెట్ అంటే మూడు గంటల్లో 160 ప్రశ్నలు. స్టెప్పులు ఎవడూ చూడడు, బిట్టు కరెక్టా కాదా అంతే. ఆ బుర్రతోనే ఇక్కడా చెప్పాను. చాలా ఏళ్లు అది బాగానే పనిచేసింది.

మొదటి పేజీ

2019 నాటికి టీజే పద్ధతి ఇదీ. జీపీఏ కనీసం 3.0 ఉండాలి, ఆల్జీబ్రా వన్ చదువుతూ ఉండాలి, అప్లికేషనుకి వంద డాలర్లు కట్టాలి. ఆ తర్వాత మూడు పరీక్షలు: క్వాంట్-క్యూ అనే లెక్కల పరీక్ష, ఏసీటీ యాస్పైర్ వాళ్ల రీడింగు, సైన్సు. వడపోతలో మిగిలినవాళ్లు సెమీఫైనలిస్టులు. వాళ్లు వ్యాసాలు రాయాలి, టీచర్ల నుంచి సిఫారసులు తెప్పించుకోవాలి. అన్నీ కలిపి చూసి సీట్లిచ్చేవాళ్లు. పేరుకి ఎన్ని మెట్లున్నా అసలు గండం మొదటి మెట్టే. పరీక్ష దాటనివాడి వ్యాసం ఎవరూ చదవరు.

కౌంటీలన్నిటికీ కలిపి ఒకటే క్యూ. నువ్వు ఏ మిడిల్ స్కూల్లో చదివావన్నది లెక్కలోకి రాదు. కానీ ఫలితాల్లో మాత్రం అదే కనపడేది. హెర్న్‌డన్‌లోని రేచల్ కార్సన్, ఫాల్స్ చర్చ్ వైపు లాంగ్‌ఫెలో, షాంటిలీలో రాకీ రన్ లాంటి కొన్ని మిడిల్ స్కూళ్ల నుంచి డజన్ల కొద్దీ వెళ్లేవాళ్లు. వీటిని ఫీడర్ స్కూళ్లు అనేవాళ్లం. కొన్ని స్కూళ్ల నుంచి ఏళ్ల తరబడి ఒకరో ఇద్దరో, ఒక్కోసారి ఎవరూ లేరు. ఫీడర్ స్కూళ్ల బలమంతా ఏఏపీ సెంటర్లలో ఉంది. ఏఏపీ అంటే చురుకైన పిల్లల్ని మూడో తరగతి నుంచే వేరు చేసి కాస్త ఎక్కువ పాఠం చెప్పే కార్యక్రమం. అందులో పడ్డ పిల్లలు తమ వీధి మిడిల్ స్కూలుని వదిలి సెంటరున్న స్కూలుకి వెళ్లొచ్చు.

ఈ కుటుంబం అదే చేసింది. నాన్నది తెనాలి దగ్గర ఊరు, అమ్మది ఖమ్మం. ఇద్దరూ సాఫ్ట్‌వేరే. పెద్దమ్మాయిని సెంటరున్న పెద్ద మిడిల్ స్కూల్లో చేర్చారు. చేర్చమన్నవాళ్లలో నేనూ ఉన్నాను. "మంచి పోటీ ఉన్న చోట ఉంటేనే పిల్ల పదునెక్కుతుంది" అన్నాను. నోట్‌బుక్‌లో ఆ మాట అలాగే ఉంది, కింద గీత గీసి మరీ.

ఆ పిల్ల లెక్కల్లో దిట్ట. ఎనిమిదిలో జామెట్రీ. ఆరు అయిపోయిన వేసవి నుంచి వారానికి రెండు రోజులు నా దగ్గర కూర్చుంది. క్వాంట్-క్యూ మోడల్ లెక్కలు, టైము పెట్టి, బోర్డు మీద గడియారం పరిగెడుతుంటే చేసేది. 2020 సెప్టెంబరు నాటికి నా లెక్క ప్రకారం ఆమె సీటు ఖాయం. అలా ఖాయం అని నేను మనసులో అనుకున్న పిల్లలు ఏటా నలుగురైదుగురు ఉండేవాళ్లు, పెద్దగా తప్పేది కాదు.

ఆ వేసవిలోనే 2024 బ్యాచ్, అంటే 2020లో చేరి 2024లో చదువు పూర్తిచేసేవాళ్ల లెక్కలు బయటికొచ్చి ఊరంతా గొడవ. 2,539 మంది అప్లై చేస్తే 486 మందికి సీట్లు. అందులో ఏషియన్ పిల్లలు 73 శాతం. నల్లజాతి పిల్లల సంఖ్య ఎంత తక్కువంటే, గోప్యత నియమం కింద స్కూల్ డిస్ట్రిక్టు ఆ అంకె వెయ్యలేదు, 'మరీ తక్కువ' అని ఊరుకుంది. జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసుల చేతిలో చనిపోయిన వేసవి అది. ఇలాంటి పట్టిక ఏ ఏడైనా వచ్చేదే, కానీ ఆ ఏడు దాన్ని చూసి ఊరుకోవడం ఎవరివల్లా కాలేదు.

అక్టోబరులో స్కూల్ బోర్డు పరీక్షలు తీసేసింది, వంద డాలర్ల ఫీజు కూడా. సూపరింటెండెంటు ముందు లాటరీ అన్నాడు: అర్హత ఉన్నవాళ్లందరి పేర్లూ వేసి తీయడం. రెండు నెలలు మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో నిద్రల్లేవు. చివరికి డిసెంబరు 17న బోర్డు లాటరీని పక్కనపెట్టి వేరే పద్ధతి తెచ్చింది.

కొత్త పద్ధతిలో కనీస జీపీఏ 3.5 అయింది. ఆల్జీబ్రా వన్, ఆనర్స్ (కాస్త పై స్థాయి) కోర్సుల షరతులున్నాయి. టీచర్ల సిఫారసులు పోయాయి. పిల్లలు రెండు రాయాలి: తమ గురించి చెప్పుకునే స్టూడెంట్ పోర్ట్రెయిట్ షీట్, ఒక లెక్కనో సైన్సు సమస్యనో తీసుకుని ఎలా ఆలోచించారో చెప్పే ప్రాబ్లమ్ సాల్వింగ్ ఎస్సే. వీటికి తోడు 'ఎక్స్‌పీరియన్స్ ఫ్యాక్టర్లు'. భోజనం రాయితీకి అర్హులైన పేద ఇంటి పిల్లలకి, ఇంగ్లిషు ఇంకా నేర్చుకుంటున్నవాళ్లకి, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉన్నవాళ్లకి, టీజేకి ఎప్పుడూ పెద్దగా పిల్లల్ని పంపని స్కూళ్లవాళ్లకి కొన్ని పాయింట్లు కలిసేలా పెట్టారు. పేపర్లు దిద్దేవాళ్లకి పిల్లల పేరు, జాతి, ఆడా మగా ఏదీ తెలియదు, నంబరు ఒక్కటే కనపడుతుంది.

ఎక్స్‌పీరియన్స్ ఫ్యాక్టర్ల మాట చెప్పినప్పుడు ఆ నాన్న ఏమీ ఆశ్చర్యపోలేదు. "మన ట్రిపుల్ ఐటీల్లో గవర్నమెంటు బడి పిల్లలకి 0.4 కలుపుతారే, అదేగా మాస్టారూ?" అన్నాడు. అదే. పదో తరగతి గ్రేడు పాయింట్లకి నూజివీడు, బాసర, ఇడుపులపాయల్లో డిప్రివేషన్ స్కోరని కలిపేది ఆ లెక్కే. తెలుగువాళ్లకి అర్థంకాని విషయం కాదది.

అందరం గొడవపడింది దాని గురించి. అసలు దెబ్బ వేరేచోట ఉంది, అది నేను చూసుకోలేదు. ప్రతి ప్రభుత్వ మిడిల్ స్కూలుకీ దాని ఎనిమిదో తరగతి సంఖ్యలో ఒకటిన్నర శాతం సీట్లు కేటాయించారు. అర్హులైన పిల్లలుంటే ఆ సీట్లు ఆ స్కూలువే. అవన్నీ పోగా మిగిలిన కొద్ది సీట్లకి మాత్రం మిగతా అందరూ కలిసి పోటీ. పిల్లాడి అడ్రసుని బట్టి వాడికి దక్కాల్సిన వీధి స్కూలు ఏదన్నది లెక్క కాదు, వాడు వెళ్తున్న స్కూలే లెక్క.

ఇది కాగితం మీద వేసి చూస్తే పదోక్లాసు లెక్క. ఎనిమిదిలో 600 మంది ఉన్న స్కూలుకి తొమ్మిది సీట్లు. నా దగ్గర ట్యూషనుకొచ్చే పిల్లలే ఆ ఒక్క స్కూలు నుంచి పదకొండు మంది. పాత పద్ధతిలో పదకొండు మందీ వెళ్లినా ఎవరూ అడ్డు చెప్పరు, నా దగ్గరి పిల్లలు ఒకరికొకరు పోటీ కాదు, అందరి పోటీ కౌంటీలన్నిటితో. కొత్త పద్ధతిలో పక్క బెంచీవాడే పోటీ. డిసెంబరులో ఆ రాత్రి ఈ లెక్క వేసుకుని ఉంటే కనీసం ఆ తల్లిదండ్రులకి 'ఆశ తగ్గించుకోండి' అని చెప్పేవాణ్ణి. వెయ్యలేదు. 'వ్యాసాలే కదా, పిల్ల బాగా రాస్తుంది' అనుకున్నాను.

అక్కడ రెండో తప్పు చేశాను. ఫెయిర్‌ఫాక్స్ స్కూళ్లకి 'పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ గ్రాడ్యుయేట్' అని ఒక పత్రముంది. పిల్లవాడు చదువైపోయేసరికి ఎలా ఉండాలో అందులో ఐదు లక్షణాలు: చక్కగా మాట్లాడగలవాడు, నలుగురితో కలిసి పనిచేసేవాడు, సొంతంగా ఆలోచించేవాడు, నీతి తెలిసిన పౌరుడు, పడినా లేచే పట్టుదల ఉన్నవాడు. పోర్ట్రెయిట్ షీటు ప్రశ్నలు వీటి చుట్టూ తిరుగుతాయని తెలియగానే నాలోని గుంటూరు లెక్చరర్ లేచాడు. ఐదు లక్షణాలకి ఐదు పేరాలు తయారుచేయించి బట్టీ పట్టించాను. పడి లేచే పట్టుదలకి రోబోటిక్స్ పోటీలో ఓడిపోవడం, పౌరధర్మానికి గుడిలో భోజనాలు వడ్డించడం. ఆ ఏడు పదకొండు మందీ గుడిలో వడ్డించారు.

జూన్‌లో ఫలితాలొచ్చాయి. సీట్లు 550కి పెంచారు, అప్లికేషన్లు 3,034. ఏషియన్ పిల్లల వాటా 54 శాతానికి దిగింది. పేద ఇళ్ల పిల్లలు అంతకుముందు ఏడు ఒక్క శాతం కూడా లేరు, ఇప్పుడు నాలుగో వంతు. నా పదకొండు మందిలో ఇద్దరికి వచ్చింది. పెద్దమ్మాయికి వెయిట్‌పూల్. ఆగస్టు దాకా రోజూ ఈమెయిలు చూసుకుంది. పిలుపు రాలేదు. తమ వీధి హైస్కూల్లో చేరింది.

ఎందుకు రాలేదో నేను చెప్పలేను. మార్కులు బయటపెట్టరు కాబట్టి వ్యాసం బాగాలేదో, స్కూల్లో పైన తొమ్మిది మంది ఉన్నారో తెలిసే దారి లేదు. ఆ ఇంట్లో మాత్రం ఒక్కటే వివరణ నిలబడింది: ఏషియన్లమని తీసేశారు.

నవోదయ

ఆ వేసవిలో నేనూ అదే మాట అంటూ తిరిగాను. తల్లిదండ్రుల సంఘం 'కొయలిషన్ ఫర్ టీజే' అప్పటికే, 2021 మార్చిలోనే కోర్టుకెళ్లింది. మీటింగులకి నేనూ వెళ్లేవాణ్ణి. ఒక శనివారం మీటింగు నుంచి వచ్చి అన్నం తింటూ ఆవేశంగా చెబుతున్నాను: పిల్లల కష్టం చూడాలి గానీ ఏ బడో చూసి సీటివ్వడమేంటని. మా ఆవిడ మజ్జిగ పోస్తూ అడిగింది, "మరి మీరు నవోదయకి ఎట్లా వెళ్లారండీ?"

నేను 1989లో ప్రకాశం జిల్లా పల్లెటూరి బడి నుంచి నవోదయ పరీక్ష రాశాను, తెలుగులో. జిల్లాకి ఒక నవోదయ, ఆరో తరగతికి 80 సీట్లు, అందులో కనీసం 75 శాతం పల్లె పిల్లలకి. ఒంగోలు టౌను కాన్వెంటు పిల్లలతో ఒకే క్యూలో నిలబెడితే నాకు ఆ సీటు వచ్చేదా? రాకపోవచ్చు. ఆ సీటు రాకపోతే నేను ఈ బేస్‌మెంట్‌లో కాదు, మా ఊళ్లో పొగాకు బ్యారన్ దగ్గర ఉండేవాణ్ణి. మా జిల్లా టౌను పిల్లల తల్లిదండ్రులు కూడా ఆ ఏడు ఎవరో ఒకరు అన్నం తింటూ ఇదే మాట అని ఉంటారు.

మజ్జిగన్నం తిని లేచాను. ఆ తర్వాత మీటింగులకి వెళ్లడం తగ్గింది. వాళ్ల వాదన తప్పని కాదు. తక్కెడ రెండు పళ్లాల్లో ఎటు కూర్చోవాలో నాకే తెలియకుండా పోయింది.

కోర్టు కథ క్లుప్తంగా చెబుతాను. 2022 ఫిబ్రవరిలో ఫెడరల్ జడ్జి క్లాడ్ హిల్టన్ కొత్త పద్ధతి ఏషియన్ల మీద వివక్షేనన్నాడు. అప్లికేషన్లు నడుస్తున్న సమయమది. మార్చి ఆఖరులో నాలుగో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పుని ఆపింది, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. 2023 మే 23న అప్పీలు కోర్టు ఇద్దరు జడ్జీలు అటు, ఒకరు ఇటుగా హిల్టన్ తీర్పుని కొట్టేసింది. 2024 ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు. అలీటో, థామస్ అనే ఇద్దరు జడ్జీలు మాత్రం వినాల్సిందేనని గట్టిగా రాశారు.

అప్పీలు తీర్పులో ఒక అంకె నన్ను చాలా రోజులు వదల్లేదు. పాత పద్ధతి చివరి ఏడు సీటొచ్చిన పేద ఏషియన్ పిల్లలు ఒక్కరు. కొత్త పద్ధతి మొదటి ఏడు 51 మంది. మా మీటింగుల్లో 'ఏషియన్లు' అన్నప్పుడు మా కళ్లముందు ఆ యాభై మంది లేరు. వాళ్ల అమ్మానాన్నలు మా బేస్‌మెంట్లకి రారు.

ఒక్క ఊరితో ఈ పద్ధతుల్ని తూచకూడదు కూడా. ఇదే పెద్దమ్మాయి న్యూయార్క్‌లో ఉంటే? అక్కడ స్టైవసెంట్ లాంటి స్కూళ్లకి ఎస్‌హెచ్‌ఎస్‌ఏటీ అనే ఒక్క పరీక్షే దారి, 1971 నాటి రాష్ట్ర చట్టం దానికి కాపలా. జీపీఏ అడగరు, వ్యాసం అడగరు. నా గుంటూరు పద్ధతికి స్వర్గం. ఈ పిల్లకి బహుశా సీటు వచ్చేది. అదే స్టైవసెంట్‌లో 2019లో 895 సీట్లలో నల్లజాతి పిల్లలు ఏడుగురు. షికాగోలో ఉంటే? అక్కడ 30 శాతం సీట్లు ఊరంతటికీ కలిపి ర్యాంకు ప్రకారం, మిగిలిన 70 శాతం ఊరిని ఆదాయం, చదువుల్ని బట్టి నాలుగు అంతస్తులుగా విడగొట్టి అంతస్తుకింత. ఈ అమ్మాయి ఇల్లు నాలుగో అంతస్తులో పడేది, కటాఫ్ అన్నిటికంటే పైన. ఒకే పిల్ల, మూడు ఊళ్లు, మూడు ఫలితాలు. తెలివి ఏ ఊళ్లోనూ మారదు. ఆమెని ఎవరి పక్కన నిలబెట్టి కొలుస్తారన్నది మారుతుంది.

రెండో పేజీ

2023 ఫిబ్రవరిలో ఆ అమ్మ ఫోను. "మాస్టారూ, చిన్నోడు ఆరు అయిపోతోంది. సెంటరుకి పంపాలా, మా వీధి స్కూల్లోనే వెయ్యాలా? రేపటికల్లా చెప్పాలంటున్నారు."

అప్పటికి అప్పీలు తీర్పు రాలేదు. ఒకటిన్నర శాతం ఉంటుందో ఊడుతుందో ఎవరికీ తెలియదు. ఈసారి ముందు లెక్క వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల వీధి మిడిల్ స్కూల్లో ఎనిమిదో తరగతి దాదాపు 400 మంది. అంటే ఆరు సీట్లు. అక్కడి నుంచి టీజేకి అప్లై చేసేవాళ్లు తక్కువ. చురుకైన పిల్లలు చాలామంది సెంటరుకి వెళ్లిపోతారు కదా. పద్ధతి ఇలాగే ఉంటే చిన్నోడికి వీధి స్కూలు మేలు. కోర్టు పాత పద్ధతికి తోస్తే ఏ స్కూలైనా ఒకటే. కాబట్టి సీటు ఒక్కటే చూస్తే జవాబు తేలిక.

సీటు ఒక్కటే చూడకూడదు కదా. చిన్నోడు అక్కలాంటివాడు కాదు. లెక్కలు వస్తాయి కానీ బద్ధకస్తుడు, పక్కవాడు పరిగెడితేనే లేస్తాడు. సెంటర్లో స్నేహితులు, మ్యాథ్‌కౌంట్స్ అనే లెక్కల పోటీకి జట్టు, వాడి ఈడు పిచ్చివాళ్లు పదిమంది దొరుకుతారు. వీధి స్కూల్లో ఆనర్స్ క్లాసులున్నాయి, ఎవరైనా చేరొచ్చు, కానీ ఆ గుంపు ఉండదు. రెండేళ్లు వాడిని అలా ఉంచి, చివరికి సీటు కూడా రాకపోతే?

ఆ నాన్న ఇంకోటి అడిగాడు. "మాస్టారూ, ఆ సీట్లు ఎప్పుడూ రాని పిల్లల కోసం పెట్టినవి కదా. మనం పోయి అందులో కూర్చుంటే ఎట్లా?"

దీని మీద ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. నా అభిప్రాయం అప్పుడూ ఇప్పుడూ ఇదే. ఆ స్కూలు వాళ్ల వీధిది, వాళ్లు ఇల్లు మారి, అడ్రసు మార్చి దూరలేదు. వాడు వెళ్లకుండా ఉంటే అదే వింత. అయితే నేను దీన్ని పదిమందికీ చిట్కాలా చెబితే మూడేళ్లలో ఆ స్కూలు ఇంకో ఫీడర్ అవుతుంది, ఆ ఆరు సీట్లూ బేస్‌మెంట్ పిల్లలవే అవుతాయి. ఒక ఇంటికి న్యాయంగా ఉన్న సలహా నా వ్యాపారానికి న్యాయం కాదు. అందుకే దీన్ని ప్రకటనల్లో వేసుకోలేదు. ఈ ఇద్దరు పిల్లలు చదివిన మిడిల్ స్కూళ్ల పేర్లు ఈ వ్యాసంలో రాయకపోవడానికీ అదే కారణం.

చివరికి నిర్ణయం చిన్నోడే తీసుకున్నాడు. కారణం సిగ్గుపడాల్సినంత మామూలుది: వీధి స్కూలుకి నడిచి వెళ్లొచ్చు, పొద్దున అరగంట ఎక్కువ నిద్ర.

నేను చెప్పే తీరు మార్చాను. మార్చడం తేలిక కాలేదు. లెక్క చేసి జవాబు గీత గీయడం వాడికి ఇష్టం, నాకూ ఇష్టం. దాని బదులు వారానికి ఒక లెక్క ఇచ్చి, అది రాని తమ్ముడికి చెబుతున్నట్టు కాగితం మీద రాయమనేవాణ్ణి. ఎక్కడ తప్పుదారి పట్టావు, ఎందుకు వెనక్కొచ్చావు, అది కూడా రాయాలి. మొదటి మూడు నెలలు వాడు రాసినవి నాలుగు లైన్లు దాటలేదు. "అంకుల్, ఆన్సర్ వచ్చాక ఇంకేం రాయాలి?" అనేవాడు. ఇరవయ్యేళ్లుగా నేను పిల్లలకి నేర్పింది అదే కదా, ఏం చెబుతాను. ఒకరోజు వాళ్లింట్లో వాషింగ్ మెషీన్‌లో ఒక లోడుకి ఎంత నీళ్లు పోతాయో కొలిచే ప్రయత్నంలో లాండ్రీ గది తడిపి తిట్లు తిన్నాడు. అది రాయమంటే రెండు పేజీలు రాశాడు. తప్పు లెక్కలతో సహా. దాన్ని నేను దిద్దలేదు, తేదీ వేసి దాచాను.

పోర్ట్రెయిట్ షీటుకి ఈసారి ఏదీ తయారుచేయించలేదు. ఆ షీటూ, ఎస్సే రెండూ స్కూల్లోనే, కళ్లముందు కూర్చోబెట్టి రాయిస్తారు. ఇంటి నుంచి మోసుకెళ్లిన పేరా అక్కడి ప్రశ్నకి అతకకపోతే పిల్ల చేతులు కట్టుబడిపోతాయి. పెద్దమ్మాయి ఆ మాట నాతో చాలా కాలం తర్వాత అంది. "మీరిచ్చిన ఐదింట్లో ఏది రాయాలో ఆలోచిస్తూ సగం టైము పోయింది, అంకుల్." ఇదొక్కటి నాకు రుజువున్న తప్పు.

మధ్యలో 2024లో హైస్కూళ్లకి ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ వాళ్ల జాబితా వచ్చింది. 2020 నుంచి మూడేళ్లు దేశంలో మొదటి స్థానంలో ఉన్న టీజే 14కి పడింది. "చూశారా, పరీక్ష తీసేస్తే ఇంతే" అని గ్రూపుల్లో మెసేజీలు. ఆ జాబితాకి వాడినవి 2021-22 లెక్కలు. అప్పటికి పన్నెండులో ఉన్నవాళ్లు పాత పరీక్ష రాసి చేరినవాళ్లే. ఈ మాట గ్రూపులో పెట్టాను. ఎవరూ జవాబివ్వలేదు, ఒకాయన మాత్రం బొటనవేలు బొమ్మ పెట్టాడు.

2025 వసంతంలో చిన్నోడికి సీటొచ్చింది.

ఇప్పుడు కొత్తగా వచ్చే ఇంటికి నేనిచ్చే ఫారం మారింది. ఇదివరకు మొదటి ప్రశ్న: ఏ లెక్కల కోర్సులో ఉన్నారు? ఇప్పుడు: ఏ మిడిల్ స్కూలు, ఎనిమిదిలో ఎంతమంది? రెండోది: టీజే లేకపోతే మీ వీధి హైస్కూల్లో ఏం చదవొచ్చో చూశారా? చాలామంది రెండోదాన్ని ఖాళీ వదిలేస్తారు. ఖాళీగా ఉంటే అది నిండేదాకా ట్యూషను మొదలుపెట్టను. ఈ షరతు వల్ల కొన్ని ఇళ్లు పోయాయి. ఈ మధ్య ఒక తెలుగు రియల్ ఎస్టేట్ ఏజెంటు ఫోను చేసి, తక్కువమంది అప్లై చేసే స్కూళ్ల జాబితా ఉందా అన్నాడు. ఆరేళ్ల కిందట ఆయనే ఫీడర్ స్కూళ్ల జోన్ల మ్యాపు ఫ్రిజ్‌కి అతికించుకునేలా అచ్చేసి పంచాడు.

ఆగస్టులో వాళ్లింట్లో భోజనానికి పిలిచారు. పెద్దమ్మాయి మర్నాడు వర్జీనియా టెక్‌కి బయల్దేరుతోంది, హాలు నిండా పెట్టెలు. చిన్నోడు టీజే ఓరియెంటేషన్ నుంచి వచ్చి బస్సు గంటకు పైగా పడుతుందని అలిగి ఉన్నాడు. అమ్మ గోంగూర వడ్డిస్తూ, అందరూ వింటుండగానే అడిగింది. "నిజం చెప్పండి మాస్టారూ, వీడు దానికంటే తెలివైనోడా?"

నేను నోరు తెరిచేలోపు పెద్దమ్మాయే అంది. "అమ్మా, మా స్కూల్లో నా ఫ్రెండ్సే అప్లై చేసినవాళ్లు ఇరవై మంది. వీడి స్కూల్లో మొత్తం అంతమంది ఉన్నారో లేదో."

చిన్నోడు కంచంలోంచి తలెత్తి నా వంక చూశాడు. "అంటే నేను అక్క స్కూల్లో ఉంటే నాకు వచ్చేది కాదా, అంకుల్?"

"ఏమో నాన్నా, నాకు తెలియదు."

వాడు కాసేపు ఆలోచించాడు. "అక్క నా స్కూల్లో ఉంటే?"

అక్కే జవాబు చెప్పింది. "అప్పుడు నువ్వు నాకు పోటీ కాదులే, నాలుగేళ్లు చిన్నోడివి. నెయ్యి ఇటివ్వు."